ఏడు బైట్ల కబురు వెంట వచ్చిన బలగం

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కూ ఎక్స్‌జెడ్‌కూ ఏ చుట్టరికమూ లేదు. మొదటిది దూరాన ఉన్న సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి ప్రపంచమంతా వాడే ప్రోగ్రామ్. రెండోది ఫైళ్లను కుదించే సరంజామా. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు కుదింపు అవసరమైతే జెడ్‌లిబ్ అనే వేరే లైబ్రరీ ఉంది. దాని సోర్సు మొత్తం జల్లెడ పట్టినా ఎక్స్‌జెడ్‌ను పిలిచే వాక్యం ఒక్కటీ దొరకదు. అయినా 2024 మార్చి 29న లోకానికి తెలిసిన దొంగదారి ఎక్స్‌జెడ్‌లో పొంచి ఉండి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తలుపు తీయడానికి తవ్వినదే. లేని చుట్టరికాన్ని ఎవరు కలిపినట్టు?

దాడి చేసినవాళ్లయితే కలపలేదు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో ప్యాకేజీలు తయారుచేసేవాళ్లే, మంచి ఉద్దేశంతోనే, ముందెప్పుడో కలిపి పెట్టారు. దాడి చేసినవాళ్లు ఉన్న దారిని చూసుకుని నడిచారు.

ఆ దారి ఎలా పడిందో చూస్తే, మనం ఒక్క ఆజ్ఞతో దింపుకునే రెడీమేడ్ లినక్స్ ప్యాకేజీలు ఎందుకంత బరువుగా ఉంటాయో కూడా అర్థమవుతుంది. మెషీన్ బూట్ అయ్యేటప్పుడు సర్వీసులన్నిటినీ ఒక వరసలో లేపే పని సిస్టమ్‌డీది. ఫలానా సర్వీసు పనికి సిద్ధమైందని దానికి తెలిస్తేనే, దాని మీద ఆధారపడ్డ తర్వాతి సర్వీసును లేపగలదు. అందుకోసం ఒక చిన్న ఏర్పాటు ఉంది. సర్వీసు సిద్ధం కాగానే, సిస్టమ్‌డీ చూపించిన సాకెట్‌లోకి 'రెడీ=1' అని ఒక కబురు పంపాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో అది సరిగ్గా ఏడు బైట్లు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసే ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఈ ఏర్పాటును అప్పటికి తమ సోర్సులోకి తీసుకోలేదు. దాంతో డిస్ట్రిబ్యూషన్ల వాళ్లు తమవైపు నుంచి ఒక ప్యాచ్ వేసుకున్నారు. సిస్టమ్‌డీ వాళ్లే ఇచ్చే లిబ్‌సిస్టమ్‌డీ అనే లైబ్రరీలో ఈ కబురు పంపే ఫంక్షన్ తయారుగా ఉంది కదా అని దాన్ని పిలిచారు. పది మందిలో తొమ్మిది మంది ప్రోగ్రామర్లు అదే చేస్తారు.

చిక్కంతా ఆ లైబ్రరీ కడుపులో ఉంది. ఒకప్పుడు సిస్టమ్‌డీకి ఒక్కో పనికి ఒక్కో చిన్న లైబ్రరీ ఉండేది. కబుర్లు పంపడానికి ఒకటి, జర్నల్ అనే లాగ్ పుస్తకాన్ని చదవడానికి ఒకటి, లాగిన్ వివరాలకు ఒకటి, ఇలా. 2014 ఫిబ్రవరిలో వచ్చిన 209వ వెర్షన్‌లో వాటన్నిటినీ ఒకటే లిబ్‌సిస్టమ్‌డీగా కలిపేశారు. ఒకదాని కోడ్ ఇంకొకదానికి కావాల్సి వస్తుండడంతో, విడివిడిగా ఉంచడం వాళ్లకు తలనొప్పిగా మారింది. కానీ జర్నల్ ఫైళ్లు కుదించి ఉంటాయి. వాటిని విప్పాలంటే ఎల్‌జెడ్4 కావాలి, జెడ్‌స్టాండర్డ్ కావాలి, ఎక్స్‌జెడ్ తాలూకు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ కావాలి. జర్నల్‌కు వేసే ముద్రను సరిచూడ్డానికి లిబ్‌జీక్రిప్ట్ కావాలి. డెబియన్ 12లో లిబ్‌సిస్టమ్‌డీ ప్యాకేజీ వివరాలు తెరిస్తే ఈ పరివారమంతా కనబడుతుంది. జర్నల్ మొహం ఎన్నడూ చూడని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, ఏడు బైట్ల కబురు కోసం ఈ బలగాన్నంతా వెంటబెట్టుకుని తిరిగేది. నన్నడిగితే అసలు మలుపు 2014 నాటి ఆ విలీనమే. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు, అందుకే పదేళ్ల పాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఇలా ఆధారపడే లైబ్రరీలు, అంటే డిపెండెన్సీలు, ఎక్కువైతే డిస్క్‌లో కాస్త చోటు పోతుంది, అంతే కదా అనుకునేవాళ్లు చాలామంది. డిస్క్ నష్టం నిజంగానే చిన్నది. లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ మొత్తం ఒక ఫోన్ ఫొటో అంత కూడా ఉండదు. అసలు నష్టం మెమరీలో, అదీ ప్రోగ్రామ్ మొదలయ్యే క్షణంలో ఉంటుంది. లినక్స్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ఫైలు మామూలుగా ఈఎల్‌ఎఫ్ అనే అమరికలో ఉంటుంది. అందులో ఒకచోట 'నాకు ఈ లైబ్రరీలు కావాలి' అని పేర్ల పట్టీ ఉంటుంది. ప్రోగ్రామ్‌ను నడపమనగానే దానికంటే ముందు లోడర్ రంగంలోకి దిగుతుంది. పట్టీలోని లైబ్రరీలను తెచ్చి, ప్రోగ్రామ్‌కు కేటాయించిన మెమరీలోనే పెడుతుంది. ఆ లైబ్రరీలకూ తమ తమ పట్టీలు ఉంటాయి కాబట్టి వాటినీ తెస్తుంది. అలా చివరిదాకా వెళ్తుంది. ఈ తంతు అంతా ముగిశాకే ప్రోగ్రామ్ మొదటి వాక్యం నడుస్తుంది.

తెచ్చిన లైబ్రరీలు పిలిచేదాకా ఊరికే పడి ఉంటాయనుకుంటే పొరపాటు. లోడ్ అయిన మరుక్షణం తనంతట తాను నడిచే కోడ్‌ను పెట్టుకునే వీలు ప్రతి లైబ్రరీకీ ఉంది. దానికి తోడు ఐఫంక్ అనే సౌకర్యం ఒకటి ఉంది. ఒకే ఫంక్షన్‌కు పాత ప్రాసెసర్లకో రూపం, కొత్తవాటికి వేగంగా నడిచే ఇంకో రూపం ఉన్నప్పుడు, ఈ మెషీన్‌కు ఏది సరిపోతుందో తేల్చే చిన్న కోడ్‌ను లోడర్ స్వయంగా నడుపుతుంది. ఎక్స్‌జెడ్‌లో చెక్‌సమ్ లెక్కలకు ఈ సౌకర్యాన్నే వాడారు. దొంగ కోడ్ కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఇంకా కళ్లు తెరవకముందే అది మేల్కొని, లాగిన్ సమయంలో ఆర్‌ఎస్‌ఏ కీలను సరిచూసే ఫంక్షన్ ఎక్కడుందో పసిగట్టి, దాని స్థానంలో తాను కూర్చునేది. దాడి చేసేవాడి రహస్య కీతో సంతకమైన ఆజ్ఞ వస్తే, లాగిన్ సంగతి అటుంచి దాన్ని నేరుగా నడిపేసేది. ఒకే ప్రాసెస్‌లో ఉన్న లైబ్రరీల మధ్య గోడలుండవు. కుదింపు కోసం తెచ్చుకున్న కోడ్‌కు పాస్‌వర్డ్‌లు చూసే కోడ్‌తో సమానమైన అధికారాలు ఉంటాయి. ఇక్కడైతే ఆ కుదింపు కూడా చేయించుకోలేదు.

జియా తాన్ అనే మారుపేరు మనిషి 2021 నుంచి ఎక్స్‌జెడ్ బాగోగుల్లో ఎలా చొరబడ్డాడు, ఏళ్ల తరబడి దాన్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన లాసీ కోలిన్ నమ్మకాన్ని ఎలా సంపాదించాడు అన్న కథ చాలామంది రాశారు. పట్టుబడిన తీరు మాత్రం ఒకసారి చెప్పుకోవాలి. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన డెబియన్ మెషీన్ మీద ఏవో వేగపరీక్షలు చేసుకుంటున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెస్‌లు ఎందుకో సీపీయూను తెగ తింటున్నాయి. లెక్క తీస్తే, 0.3 సెకన్లలో తేలాల్సిన లాగిన్‌కు 0.8 సెకన్లు పడుతోంది. ఆ అర సెకను వెంటపడి వెళ్తే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దొరికాడు. ఆర్చ్ లినక్స్ మెషీన్లలోకి కూడా ఈ వెర్షన్లు చేరాయి. కానీ ఆర్చ్ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఆ ప్యాచ్ వేయలేదు. ఆర్చ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లిబ్‌సిస్టమ్‌డీని తెచ్చుకోదు కనుక, దొంగకు అక్కడిదాకా దారే లేదు. ఉబుంటు వాళ్లు మాత్రం దొంగ కోడ్ ఎక్స్‌జెడ్‌లో చేరాక 24.04 కోసం తయారుచేసిన ప్యాకేజీలన్నిటినీ మళ్లీ మొదటినుంచి బిల్డ్ చేయాల్సొచ్చింది. ఏప్రిల్ 4న రావాల్సిన బీటా 11కు వాయిదా పడింది.

ఇది పెద్ద ఉదంతం. చిన్నవి రోజూ జరుగుతుంటాయి. సోర్సు నుంచి ఏ ప్రోగ్రామ్‌నైనా బిల్డ్ చేసేటప్పుడు వరసగా కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. ఫలానా సౌకర్యం కావాలా, వద్దా? సొంతానికి చేసుకునేవాడు తనకు అక్కర్లేనివాటికి వద్దంటాడు. జెంటూ డిస్ట్రిబ్యూషన్ ఈ స్వేచ్ఛ మీదే నడుస్తుంది. అక్కడ యూజ్ ఫ్లాగ్‌లతో ఒక్కో సౌకర్యాన్ని ఎవరికి వారు తీసేసుకోవచ్చు. కాకపోతే బ్రౌజర్ లాంటిది బిల్డ్ అయ్యేదాకా గంటలకు గంటలు కూర్చోవాలి. డెబియన్‌లో ప్యాకేజీ చేసే మనిషి పరిస్థితి పెళ్లి బంతిలో వడ్డించేవాడిలాంటిది. ప్రతి విస్తట్లోనూ అన్నీ పడాల్సిందే. షుగరున్నాయన విస్తట్లో లడ్డూ వృథా అని తెలిసినా, పక్కాయనకు లడ్డూ లేకపోతే మాటొస్తుంది. అందుకే ప్రతి ప్రశ్నకూ 'కావాలి' అనే జవాబిస్తాడు. ఆ ఒక్కో 'కావాలి' ఒక్కో లైబ్రరీ అవుతుంది, ఆ లైబ్రరీ పట్టీలోవి ఇంకొన్ని.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. వీడియోనూ ఆడియోనూ ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చడానికి దాన్ని మించింది లేదు. డెబియన్ ప్యాకేజీలోని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మీద ఎల్‌డీడీ ఆజ్ఞ నడిపితే, అది లోడ్ చేసే లైబ్రరీల సంఖ్య వంద దాటుతుంది. అందులో ఎస్‌వీజీ బొమ్మలు గీసేది ఉంది. బ్లూ-రే డిస్కులు చదివేది ఉంది. పెద్ద పెద్ద సర్వర్ల మధ్య సందేశాల క్యూలు నడిపే ర్యాబిట్‌ఎంక్యూ తాలూకు లైబ్రరీ కూడా ఉంది. పెళ్లి వీడియోలోంచి పాట ఒక్కటి ఎంపీ3గా తీసుకుందామని కూర్చున్నవాడికి సందేశాల క్యూతో ఏం పని? ఏమీ లేదు. అయినా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను నడిపిన ప్రతిసారీ అది మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది. లోకంలో ఎక్కడో ఒక టీవీ స్టూడియో దాన్ని వాడుతుండవచ్చు, వాళ్లూ ఈ ప్యాకేజీనే దింపుకుంటారు.

అక్కర్లేని డిపెండెన్సీల్లో నిజానికి రెండు జాతులున్నాయి. వీటిని విడదీసి చూడకపోవడం వల్లే ఈ విషయంపై చర్చలు ఎటూ తేలవని నా అభిప్రాయం. మొదటి జాతి పూర్తిగా చచ్చుబడినవి. ప్రోగ్రామ్ పట్టీలో లైబ్రరీ పేరు ఉంటుంది, కానీ ఆ లైబ్రరీలోని ఒక్క ఫంక్షన్‌నూ ప్రోగ్రామ్ పిలవదు. ఇదెలా జరుగుతుందంటే, ప్రోగ్రామ్ ఒక లైబ్రరీని వాడుతుంది, ఆ లైబ్రరీ తన సొంత పనికి మరోదాన్ని వాడుతుంది. లిబ్‌టూల్ లాంటి పాత బిల్డ్ పరికరాలు ఆ రెండోదాన్ని కూడా తెచ్చి నేరుగా ప్రోగ్రామ్ పట్టీలోనే రాసేసేవి. నష్టమేమిటంటే, ఆ రెండో లైబ్రరీ కొత్త పేరుతో కొత్త వెర్షన్‌గా వచ్చినప్పుడు, దాని ఊసే లేని ప్రోగ్రామ్‌లను సైతం వరసపెట్టి మళ్లీ బిల్డ్ చేయాలి. డిస్ట్రిబ్యూషన్ నడిపేవాళ్లకు ఇదో పెద్ద వెట్టి.

అదృష్టవశాత్తూ ఈ జాతిని యంత్రమే పట్టుకోగలదు. డెబియన్‌లో ప్యాకేజీకి కావాల్సిన లైబ్రరీల జాబితాను మనిషి చేత్తో రాయడు. డీప్యాకేజ్-ష్‌లిబ్‌డెప్స్ అనే పరికరం బైనరీలను చదివి తేలుస్తుంది. వాడని లైబ్రరీ కనబడితే, దీనితో లింక్ కాకుంటే ఒక పనికిరాని డిపెండెన్సీ తప్పేదని హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరికలు బిల్డ్ లాగ్‌లో వందలాది వరుసల మధ్య పడి ఉంటాయి, చదివే ఓపిక ఎంతమందికి ఉంటుందన్నది వేరే సంగతి. ఇంతకంటే గట్టి మందు, బిల్డ్ చివర్లో ప్రోగ్రామ్‌ను లైబ్రరీలతో కలిపే లింకర్‌కు ఇచ్చే 'యాజ్-నీడెడ్' అనే ఆప్షన్. నిజంగా వాడే లైబ్రరీలనే పట్టీలో రాయమని దాని అర్థం. ఉబుంటు దీన్ని 2011లో వచ్చిన 11.10 నుంచి అందరికీ వర్తించేలా పెట్టింది. ఆజ్ఞలో లైబ్రరీల వరస అటూ ఇటూ అయితే బిల్డ్ ఆగిపోవడం లాంటి తిప్పలు కొన్నాళ్లు పడ్డారు గానీ, చచ్చుబడిన లింకులు చాలావరకు రాలిపోయాయి.

రెండో జాతి దగ్గర ఈ మందు పారదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లిబ్‌సిస్టమ్‌డీలోని ఒక ఫంక్షన్‌ను నిజంగానే పిలిచేది. లిబ్‌సిస్టమ్‌డీ లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏను నిజంగానే వాడేది. ఏ రెంటిని పక్కపక్కన పెట్టి చూసినా లింకర్‌కు తప్పు కనబడదు. మొదటిదాన్నీ మూడోదాన్నీ కలిపి చూసిన మనిషికే ఇది అనవసరమని అనిపిస్తుంది. అలా చూసే పని ఏ పరికరానికీ అప్పగించలేదు, ఏ మనిషికీ అప్పగించలేదు.

లైబ్రరీల సంగతి ఇలా ఉండగా, ప్యాకేజీల స్థాయిలో ఇంకో పొర ఉంది. డెబియన్ ప్యాకేజీలో 'ఇది లేనిదే నడవదు' అనే జాబితా పక్కనే 'ఇది ఉంటే మంచిది' అనే సిఫారసుల జాబితా ఉంటుంది, ఆ తర్వాత ఉత్త సూచనలు. 2009లో వచ్చిన డెబియన్ 5.0 నుంచి, ప్యాకేజీలను దింపే ఆప్ట్ అనే పరికరం ఈ సిఫారసులను కూడా అడక్కుండానే దింపుతోంది. కొత్తగా లినక్స్‌కు వచ్చినవాళ్లకు అన్నీ అమరి ఉండాలన్నది ఆలోచన. డెస్క్‌టాప్‌కు అది సబబే. సర్వర్‌లో చిన్న పరికరం ఒకటి అడిగితే సిఫారసుల మీద సిఫారసులుగా మరో పాతిక ప్యాకేజీలు దిగడం మాత్రం చిరాకు. డాకర్ ఇమేజీలు కట్టేవాళ్లకు సిఫారసులు వద్దని చెప్పే ఆ ఆప్షన్ కంఠతా వచ్చే ఉంటుంది. ఆ చిరాకు భరించలేనివాళ్లు ఐదు మెగాబైట్ల పునాదితో మొదలయ్యే ఆల్పైన్ డిస్ట్రిబ్యూషన్‌కు వలస పోతున్నారు.

మరి అనవసరమైనవాటిని కోసి పారేస్తే పోలేదా? ఎవరికి అనవసరం అన్న ప్రశ్న దగ్గర కత్తి ఆగిపోతుంది. మనకు దగ్గరి ఉదాహరణే చూద్దాం. లినక్స్‌లో 'లక్ష్మి' అని టైప్ చేస్తే క, ష, మ లను ఒకదాని కింద ఒకటి సరిగ్గా పేర్చి చూపించేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే నమ్ముకున్నాయి. డెబియన్ వాళ్ల హార్ఫ్‌బజ్ తన వెంట గ్రాఫైట్ అనే మరో లైబ్రరీని తెస్తుంది. తెలుగు ఫాంట్లు ఓపెన్‌టైప్ పద్ధతిలో ఉంటాయి కాబట్టి మనకు దానితో పని పడదు. పైగా 2016 ఫిబ్రవరిలో సిస్కో టాలోస్ పరిశోధకులు గ్రాఫైట్‌లో ప్రమాదకరమైన లోపాలు బయటపెట్టారు. కుట్రతో తయారుచేసిన ఫాంటును చూపిస్తే చాలు, మెషీన్‌లో పరాయి కోడ్ నడిచే వీలుండేది. తీసేయడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి? అయితే గ్రాఫైట్‌ను తయారుచేసింది ఎస్‌ఐఎల్ అనే సంస్థ, కొద్దిమంది మాట్లాడే భాషల కోసం, మామూలు పద్ధతికి లొంగని లిపుల కోసం. ఉర్దూ లాంటి భాషలు వాడే నస్తలీఖ్ రాతకు వాళ్లు రూపొందించిన అవామీ నస్తలీఖ్ ఫాంటును గ్రాఫైట్ లెక్కలమీదే నిలబెట్టారు. కోటానుకోట్ల మంది వాడే తెలుగుకు అక్కర్లేదని తీసేస్తే, వేలమంది వాడే భాష చదవడానికి రాకుండా పోతుంది. డిజిటల్ తెర మీద తెలుగు కూడా ఒకప్పుడు 'ఎంతమందికి కావాలిలే' అనిపించుకున్న భాషే.

కత్తి పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. 2024లోనే డెబియన్ అభివృద్ధి శాఖలో కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌తో కలిసే సౌకర్యం, నెట్‌వర్క్ పనులు, యుబికీ అనే భద్రతా పరికరానికి మద్దతు వగైరా అన్నీ తీసేశారు. పాస్‌వర్డ్‌లు దాచే ప్రోగ్రామ్‌కు తలుపులు ఎంత తక్కువుంటే అంత మంచిదన్నది ప్యాకేజీకారుడి వాదన. అన్నీ ఉన్న ప్యాకేజీని వేరే పేరుతో పక్కన పెట్టారు. మామూలుగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు మర్నాడు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు రాలేదు. వాళ్లు వెళ్లి కొట్టింది మూల రచయితల తలుపు. ఆ రచయితలకు ఒళ్లు మండింది. ప్యాకేజీకారుడి వాదనలో పస ఉంది. పాత పేరు మీద సగం ప్రోగ్రామ్ ఇచ్చిన పద్ధతే బాగోలేదు. విమ్ ఎడిటర్ విషయంలో ఇదే డెబియన్ ఎన్నో ఏళ్లుగా చక్కటి పద్ధతి పాటిస్తోంది. విమ్-టైనీ ఒకటి, మామూలు విమ్ ఒకటి, కిటికీలతో నడిచే విమ్-జీటీకే3 ఒకటి. ఎవరికి ఎంత కావాలో పేరులోనే ఉంటుంది.

ఎక్స్‌జెడ్ ఉదంతం తర్వాత మరమ్మతులు చకచకా జరిగాయి. ఏడు బైట్లు పంపడానికి లైబ్రరీ అక్కర్లేదని సిస్టమ్‌డీ వాళ్లే ఒప్పుకుని, ఎవరైనా తమ ప్రోగ్రామ్‌లోకి అతికించుకోదగ్గ చిన్న కోడ్ ముక్కను తమ డాక్యుమెంట్లలో పెట్టారు. డెబియన్ వారం తిరక్కుండానే తన ప్యాచ్‌ను మార్చుకుంది. జులై 1న వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో మూల రచయితలే ఆ కబురు పంపే కోడ్‌ను, ఏ లైబ్రరీ సాయమూ లేకుండా, స్వయంగా చేర్చేశారు.

లిబ్‌సిస్టమ్‌డీలోనూ మార్పు వచ్చింది. నిజానికి దొంగ పట్టుబడకముందే, ఫిబ్రవరిలోనే, ఆ పని మొదలైంది. దారి మూసుకుపోతోందని తెలిసే జియా తాన్ తొందరపడి ఉంటాడని కొందరి అనుమానం. జూన్‌లో వచ్చిన 256వ వెర్షన్ నుంచి కుదింపు లైబ్రరీల పేర్లు పట్టీలో ఉండవు. కుదించిన జర్నల్ ఎదురైనప్పుడే డీఎల్‌ఓపెన్ అనే పిలుపుతో అప్పటికప్పుడు తెచ్చుకుంటుంది. అవసరం పడనివాడి మెమరీలోకి అవి రావు.

ఇందులో ఒక మెలిక ఉంది. పట్టీలో పేరు లేకపోతే ఎల్‌డీడీకి కనబడదు, ప్యాకేజీ జాబితాలు తయారుచేసే పరికరానికీ కనబడదు. నిన్నటిదాకా అనవసరంగా కనబడిన డిపెండెన్సీ ఇప్పుడు అవసరమై కూడా కనబడకుండా పోతుంది. దీనికి విరుగుడుగా సిస్టమ్‌డీ బృందం ఈఎల్‌ఎఫ్ ఫైల్లోనే ఒక చీటీ పెట్టే పద్ధతి తెచ్చింది. ఏ లైబ్రరీని తర్వాత తెచ్చుకోవచ్చో, ఏ సౌకర్యం కోసమో, అది తప్పనిసరా, సిఫారసా, ఉత్త సూచనా అన్నది అందులో రాసి ఉంటుంది. ఈ మూడు మెట్లూ డెబియన్ ప్యాకేజీల్లో ఎప్పట్నుంచో ఉన్నవే. ఇప్పుడు ఆ చీటీలను చదివి ప్యాకేజీ జాబితాలోకి ఎక్కించే పరికరం కూడా డెబియన్‌లో ఉంది. చీటీలో సిఫారసు అని ఉంటే ప్యాకేజీలోనూ సిఫారసు అవుతుంది. సిఫారసులను ఆప్ట్ అడక్కుండానే దింపుతుంది కాబట్టి ఆ లైబ్రరీ మళ్లీ మన డిస్క్ మీదకు వచ్చి చేరుతుంది. కాకపోతే ఈసారి డిస్క్ మీదే ఉంటుంది, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మెమరీలోకి రాదు.